కేబుల్ ట్రేలలో విద్యుత్ ప్రవాహ సామర్థ్యం

ఒక విద్యుత్ కేబుల్ తన ఇన్సులేషన్ చెడిపోకుండా, ఎడతెగకుండా మోయగలిగిన గరిష్ఠ కరెంటును ఆ కేబుల్ యొక్క విద్యుత్ ప్రవాహ సామర్థ్యం అంటారు. దీనిని ఆంపియర్లలో కొలుస్తారు. ఆంగ్లంలో దీనిని ఆంపాసిటీ అని కూడా వ్యవహరిస్తారు. ఆంపియర్, కెపాసిటీ అనే రెండు మాటలను అతికించి చేసిన ఈ పదం 20వ శతాబ్దపు మధ్యకాలంలో అమెరికాలో వాడుకలోకి వచ్చింది.

కర్మాగారాలు, విద్యుత్ కేంద్రాలు, ఆసుపత్రులు, పెద్ద భవనాలు మొదలైన చోట్ల పదుల కొద్దీ కేబుళ్లను ఒకే దారిలో తీసుకువెళ్లవలసి వస్తుంది. ఇందుకోసం గోడల వెంబడి, పైకప్పు కింద అమర్చే లోహపు పళ్లేల వంటి లేదా నిచ్చెనల వంటి నిర్మాణాలను కేబుల్ ట్రేలు అంటారు. తయారీదారు పట్టికలో ఒక కేబుల్‌కు ఎదురుగా 300 ఆంపియర్లు అని ఉంటే, అది ఆ కేబుల్‌కు పుట్టుకతో వచ్చిన గుణం అనుకోవడం పరిపాటి. నిజానికి ఆ సంఖ్యను కేబుల్, అది ఉన్న చోటు కలిసి నిర్ణయిస్తాయి. గాలిలో ఒంటరిగా వేలాడుతున్నప్పుడు 300 ఆంపియర్లు మోసే కేబుల్, కిక్కిరిసిన ట్రేలో అందులో సగం కూడా క్షేమంగా మోయలేకపోవచ్చు. కారణం వేడి. కేబుల్‌లో పుట్టే వేడికీ, దాని నుండి బయటికి పోయే వేడికీ మధ్య కుదిరే సమతుల్యమే ఈ వ్యాసంలోని విషయం.

వేడి ఎలా పుడుతుంది?

తీగలో కరెంటు ప్రవహించినప్పుడు వేడి పుడుతుంది. ఈ వేడి కరెంటు యొక్క వర్గానికి, తీగ యొక్క నిరోధానికి అనులోమానుపాతంలో ఉంటుందని ఆంగ్ల శాస్త్రవేత్త జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1841లో ప్రకటించాడు. అంటే కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు అవుతుంది. కరెంటును సగానికి తగ్గిస్తే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ వర్గ సంబంధాన్ని గుర్తుంచుకుంటే ఈ వ్యాసంలో తరువాత వచ్చే విషయాలు సులభంగా అర్థమవుతాయి.

ఒక లెక్క చూద్దాం. 240 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత వైశాల్యం గల అల్యూమినియం తీగకు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నిరోధం కిలోమీటరుకు 0.125 ఓములు. ఉష్ణోగ్రత పెరిగితే లోహాల నిరోధం కూడా పెరుగుతుంది. 70 డిగ్రీల వద్ద ఇదే తీగ నిరోధం సుమారు 0.150 ఓములు అవుతుంది. మూడు ఫేజులలోనూ 300 ఆంపియర్లు ప్రవహిస్తూ ఉంటే ఒక్కొక్క తీగలో మీటరు పొడవుకు సుమారు 13.5 వాట్ల వేడి పుడుతుంది. మూడు తీగలూ కలిపితే మీటరుకు దాదాపు 40 వాట్లు. ఇటువంటి కేబుళ్లు పది ఒకే ట్రేలో ఉండి, అన్నీ 300 ఆంపియర్లు మోస్తున్నాయనుకుంటే ప్రతి మీటరుకు 400 వాట్ల వేడి పుడుతుంది. 20 మీటర్ల ట్రేలో అది 8 కిలోవాట్లు. గదిని వెచ్చబరిచే విద్యుత్ హీటర్లు నాలుగింటిని ఒకేసారి వేసి ఉంచినట్లు! ఈ వేడికి బయటికి పోయే దారి ఉండాలి.

ఉష్ణోగ్రతకు హద్దు ఎందుకు?

రాగి, అల్యూమినియం తీగలకు 100 డిగ్రీల వేడి ఒక లెక్కలోనిది కాదు. వాటి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పొర మాత్రం ఆ వేడికి తట్టుకోలేదు. అందుచేత తీగ ఎంత వరకు వేడెక్కవచ్చో నిర్ణయించేది ఇన్సులేషన్ పదార్థమే. సాధారణంగా వాడే రెండు పదార్థాల హద్దులు ఇవి:

- పి.వి.సి. (పాలీ వినైల్ క్లోరైడ్): నిరంతర వాడుకలో 70 డిగ్రీలు. షార్ట్ సర్క్యూట్ జరిగిన కొద్ది సెకండ్ల పాటు 160 డిగ్రీలు.
- ఎక్స్.ఎల్.పి.ఇ. (అణువుల గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేసిన పాలిథిన్): నిరంతర వాడుకలో 90 డిగ్రీలు. షార్ట్ సర్క్యూట్ సమయంలో 250 డిగ్రీలు.

ఈ హద్దు దాటిన మరుక్షణమే కేబుల్ కాలిపోదు. జరిగేది నెమ్మదిగా జరుగుతుంది. వేడి పెరిగిన కొద్దీ ఇన్సులేషన్‌లోని రసాయనిక చర్యల వేగం పెరుగుతుంది. పి.వి.సి.కి మెత్తదనాన్ని ఇచ్చే నూనె వంటి పదార్థాలు ఆవిరైపోతాయి, పొర బిరుసెక్కుతుంది, వంచినచోట పగులుతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు ఇన్సులేషన్ ఆయుర్దాయం సుమారుగా సగానికి తగ్గుతుందని ఇంజనీర్లు ఒక మోటు సూత్రంగా వాడతారు. ఇది అన్ని పదార్థాలకూ ఖచ్చితంగా వర్తించే నియమం కాదు గాని, ప్రమాదం ఎటువంటిదో చెప్పడానికి చాలు. నేడు బాగానే పనిచేస్తున్నట్టు కనిపించే కేబుల్ తన ఆయుష్షును రెట్టింపు వేగంతో ఖర్చు చేసుకుంటూ ఉండవచ్చు.

వేడి ఎలా బయటికి పోతుంది?

వేడి ఒక చోటు నుండి మరొక చోటుకు మూడు విధాలుగా ప్రయాణిస్తుందని పాఠశాల భౌతికశాస్త్రంలో చదువుకుంటాం. గాలిలో ఉన్న కేబుల్ విషయంలో మూడూ పనిచేస్తాయి.

ఉష్ణవహనం: తీగలో పుట్టిన వేడి ఇన్సులేషన్, కవచం, పై తొడుగు గుండా కేబుల్ ఉపరితలానికి చేరేది ఈ పద్ధతిలోనే. విద్యుత్తును అడ్డుకునే ప్లాస్టిక్ పదార్థాలు వేడిని కూడా అడ్డుకుంటాయి. కాబట్టి లోపలి తీగ ఎప్పుడూ ఉపరితలం కంటే వేడిగా ఉంటుంది. కేబుల్‌ను చేత్తో తాకి అంత వేడిగా లేదు అనుకోవడం ఇందువల్లనే మోసపుచ్చుతుంది.

ఉష్ణసంవహనం: ఉపరితలాన్ని తాకిన గాలి వేడెక్కి, తేలికై పైకి పోతుంది. దాని స్థానంలోకి కింది నుండి చల్లని గాలి వస్తుంది. ఈ గాలి ప్రవాహానికి అడ్డు ఉండకూడదు.

ఉష్ణవికిరణం: వేడి ఉపరితలం పరారుణ కిరణాల రూపంలో చుట్టూ ఉన్న చల్లని ఉపరితలాలకు వేడిని పంపుతుంది. దీనికి గాలి అవసరం లేదు, కాని ఎదురుగా చల్లని వస్తువు కనిపించాలి.

పైన చెప్పిన కేబుల్ బయటి వ్యాసం సుమారు 58 మిల్లీమీటర్లు, ఉపరితల ఉష్ణోగ్రత 60 డిగ్రీలు, పరిసరాలు 40 డిగ్రీలు అనుకుందాం. లెక్క కడితే వికిరణం ద్వారా మీటరుకు సుమారు 25 వాట్లు, సంవహనం ద్వారా సుమారు 20 వాట్లు పోతాయి. మొత్తం 45 వాట్లు. పుట్టే వేడి 40 వాట్లు కనుక ఈ కేబుల్ ఒంటరిగా ఉన్నంత కాలం దానికి ఇబ్బంది లేదు.

ఈ లెక్కలో గమనించవలసినది వికిరణం వాటా. సగానికి పైగా వేడి ఆ దారినే పోతోంది. ఇప్పుడు ఈ కేబుల్‌కు ఇరువైపులా అంతే వేడిగా ఉన్న కేబుళ్లను ఆనించి పెడితే ఏమవుతుంది? సమానమైన ఉష్ణోగ్రత గల రెండు ఉపరితలాలు ఎదురెదురుగా ఉన్నప్పుడు, ఒకటి పంపిన వేడిని రెండవది తిరిగి పంపుతుంది. నికరంగా పోయే వేడి సున్నా. పక్కల నుండి గాలి కూడా ఆడదు. ఆ కేబుల్‌కు మిగిలినవి పై భాగం, కింది భాగం మాత్రమే. దాని పైన మరొక వరుస పేరిస్తే ఆ పై భాగం కూడా మూసుకుపోతుంది.

ఉష్ణ వలయం

వేడి ప్రవాహాన్ని విద్యుత్ వలయంతో పోల్చి లెక్కించడం ఇంజనీర్ల అలవాటు. ఓమ్ నియమంలో వోల్టేజి ఉన్న చోట ఉష్ణోగ్రతల తేడాను, కరెంటు ఉన్న చోట వేడి ప్రవాహాన్ని, విద్యుత్ నిరోధం ఉన్న చోట ఉష్ణ నిరోధాన్ని పెట్టాలి. ఉష్ణ నిరోధాన్ని డిగ్రీ-మీటర్ పర్ వాట్ అనే కొలమానంలో చెబుతారు. తీగ నుండి పరిసర వాయువు దాకా ఉన్న ఇన్సులేషన్, కవచం, తొడుగు, బయటి గాలి పొర అనేవి వరుసగా కలిపిన నిరోధాల వంటివి.

దీని నుండి కేబుల్ సామర్థ్యానికి మూల సూత్రం వస్తుంది. మాటల్లో చెప్పాలంటే: తీగకు అనుమతించిన గరిష్ఠ ఉష్ణోగ్రత నుండి పరిసర ఉష్ణోగ్రతను తీసివేయాలి. వచ్చిన తేడాను కరెంటు మోసే తీగల సంఖ్య, తీగ విద్యుత్ నిరోధం, మొత్తం ఉష్ణ నిరోధం అనే మూడింటి లబ్ధంతో భాగించాలి. వచ్చిన దానికి వర్గమూలం కడితే అదే అనుమతించదగిన కరెంటు.

తీగ లావును రెండింతలు చేస్తే కరెంటు ఎందుకు రెండింతలు కాదో కూడా ఈ సూత్రమే చెబుతుంది. అడ్డుకోత వైశాల్యం రెట్టింపైతే విద్యుత్ నిరోధం సగమవుతుంది. కాని వేడి పోయే ఉపరితలం రెట్టింపు కాదు, 1.4 రెట్లు మాత్రమే అవుతుంది. వర్గమూలం ప్రభావం కూడా కలిసి, ఆచరణలో సామర్థ్యం సుమారు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది.

ట్రేల రకాలు

- నిచ్చెన ట్రే: రెండు పక్క కమ్మీల మధ్య అడ్డ మెట్లు ఉంటాయి. కేబుళ్ల కింది భాగం దాదాపు పూర్తిగా గాలికి తెరిచి ఉంటుంది. వేడి పోవడానికి అన్నిటికన్నా అనుకూలమైనది.
- రంధ్రాల ట్రే: రేకు పళ్లెంలో వరుసగా రంధ్రాలు ఉంటాయి. వాటి గుండా గాలి కింది నుండి పైకి పోగలదు.
- తీగ వల ట్రే: ఉక్కు తీగలను వల వలె అతికించి చేస్తారు. తేలికైన కేబుళ్లకు, సమాచార కేబుళ్లకు ఎక్కువగా వాడతారు.
- రంధ్రాలు లేని ట్రే: కింది వైపు నుండి గాలి రాదు. దీనికి మూత కూడా వేస్తే లోపలి గాలి కదలడం చాలా వరకు ఆగిపోతుంది.

మూతలు అనవసరమైనవి అని దీని అర్థం కాదు. ఎండ, దుమ్ము, పైనుండి పడే నూనె చుక్కలు, ఎలుకలు మొదలైన వాటి నుండి కేబుళ్లను కాపాడడానికి అవి కావాలి. అయితే వాటికి మూల్యం చెల్లించాలి. అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి ప్రకారం ట్రేపై గాలి ఆడని మూత 6 అడుగుల కంటే ఎక్కువ పొడవున ఉంటే, అందులోని బహుళ తీగల కేబుళ్ల సామర్థ్యాన్ని 95 శాతానికి తగ్గించాలి.

గుంపు ప్రభావం

కేబుళ్లు గుంపుగా ఉన్నప్పుడు ఒక్కొక్కదాని సామర్థ్యాన్ని ఎంత తగ్గించాలో చెప్పే గుణకాలను తగ్గింపు గుణకాలు అంటారు. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం (ఐ.ఇ.సి.) ప్రమాణం 60364లోని 5-52 భాగంలో ఇచ్చిన గుణకాలు కొన్ని ఇవి. కేబుళ్లు ఒకదానినొకటి తాకుతూ ఉన్నాయని, అన్నీ సమానమైన లోడు మోస్తున్నాయని వీటిలో భావించారు.

రంధ్రాల ట్రేలో ఒకే వరుసలో పరచినప్పుడు:
- 2 కేబుళ్లు: 0.88
- 3 కేబుళ్లు: 0.82
- 6 కేబుళ్లు: 0.73
- 9 కేబుళ్లు: 0.72

నిచ్చెన ట్రేలో ఒకే వరుసలో పరచినప్పుడు:
- 2 కేబుళ్లు: 0.87
- 3 కేబుళ్లు: 0.82
- 6 కేబుళ్లు: 0.79
- 9 కేబుళ్లు: 0.78

కట్టగా కట్టినప్పుడు:
- 2 కేబుళ్లు: 0.80
- 3 కేబుళ్లు: 0.70
- 6 కేబుళ్లు: 0.57
- 9 కేబుళ్లు: 0.50
- 20 కేబుళ్లు: 0.38

ఈ సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. ఒకే వరుసలో పరచినప్పుడు గుణకం మొదట వేగంగా తగ్గి, తరువాత దాదాపు నిలిచిపోతుంది. 9 కేబుళ్లు దాటితే ఇంకా తగ్గించనవసరం లేదని ఆ ప్రమాణమే చెబుతుంది. కట్టలో మాత్రం గుణకం తగ్గుతూనే పోతుంది.

దీనికి కారణం జ్యామితిలో ఉంది. వరుసలో ఎన్ని కేబుళ్లు ఉన్నా ప్రతి కేబుల్‌కు తనదైన పై భాగం, కింది భాగం ఉంటాయి. వచ్చే ప్రతి కొత్త కేబుల్ తన వేడితో పాటు తన ఉపరితలాన్ని కూడా తెచ్చుకుంటుంది. కట్టలో అలా కాదు. 9 కేబుళ్ల కట్టలో వేడి పుట్టే పదార్థం 9 రెట్లు ఉంటుంది. కట్ట చుట్టుకొలత మాత్రం 9కి వర్గమూలమైన 3 రెట్ల దగ్గరలో ఉంటుంది. పైగా నడిమి కేబుళ్ల వేడి పొరుగు కేబుళ్లను దాటుకొని బయటికి రావాలి. గుణకం 0.50 అంటే ప్రతి కేబుల్‌లో పుట్టే వేడి నాలుగో వంతు. 9 కేబుళ్లకు కలిపి అది ఒంటరి కేబుల్ వేడికి 2.25 రెట్లు. 3 రెట్ల ఉపరితలం ఉన్న కట్ట 2.25 రెట్ల వేడిని మాత్రమే వదలగలుగుతోందంటే, ఆ తేడా లోపలి కేబుళ్లు చిక్కుకుపోయినందుకు చెల్లించే మూల్యం.

రెండు విషయాలలో సడలింపు ఉంది. పక్కపక్క కేబుళ్ల మధ్య ఖాళీ, పెద్ద కేబుల్ వ్యాసానికి రెండు రెట్లు దాటి ఉంటే గుంపు తగ్గింపు అవసరం లేదు. అలాగే, గుంపులో ఉన్నప్పటి తన సామర్థ్యంలో 30 శాతానికి మించని కరెంటు మోసే కేబుల్‌ను లెక్కలో నుండి తీసివేయవచ్చు. కంట్రోల్ కేబుళ్లు, సిగ్నల్ కేబుళ్లు సాధారణంగా ఈ కోవలోకి వస్తాయి. అయితే అవి వేడి పుట్టించకపోయినా, పవర్ కేబుళ్ల మీద పరిస్తే దుప్పటి వలె పనిచేస్తాయని మరువరాదు.

పరిసర ఉష్ణోగ్రత

పరిసరాలు ఎంత వేడిగా ఉంటే, తీగ వేడెక్కడానికి మిగిలిన అవకాశం అంత తక్కువ. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3961 గాలిలో ఉన్న కేబుళ్లకు 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతను ఆధారంగా తీసుకుంటుంది. ఐ.ఇ.సి. 60364, బ్రిటిష్ ప్రమాణాల పట్టికలకు ఆధారం 30 డిగ్రీలు. పి.వి.సి. కేబుల్‌కు 30 డిగ్రీల ఆధారంతో ఇచ్చిన సంఖ్యను 40 డిగ్రీల చోటికి తేవాలంటే 0.87తో గుణించాలి. ఏ పట్టికను చూస్తున్నామో, దాని ఆధారం ఏమిటో చూసుకోకుండా సంఖ్యను ఎత్తి వాడటం పొరపాటు.

తెలుగు ప్రాంతాలలో 40 డిగ్రీల ఆధారం కూడా వేసవిలో చాలదు. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల ఎండాకాలంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. అది నీడలో కొలిచిన గాలి ఉష్ణోగ్రత. బాయిలర్ల దగ్గర, రేకుల కప్పు కింద గాలి ఇంకా వేడిగా ఉంటుంది. వేడి గాలి పైకి పోయి కప్పు కిందనే నిలుస్తుంది. ట్రేలను అమర్చేదీ సాధారణంగా అక్కడే. ట్రే ఎండలో ఉంటే సూర్యరశ్మి వేడి కూడా కలుస్తుంది.

40 డిగ్రీల ఆధారంతో సవరణ గుణకాలను పైన చెప్పిన సూత్రంతో లెక్క కట్టవచ్చు. పరిసర ఉష్ణోగ్రత 50 డిగ్రీలైతే పి.వి.సి. కేబుల్‌కు మిగిలే తేడా 30 డిగ్రీల నుండి 20 డిగ్రీలకు తగ్గుతుంది. 20ని 30తో భాగించి వర్గమూలం కడితే 0.82 వస్తుంది. ఎక్స్.ఎల్.పి.ఇ. కేబుల్‌కు తేడా 50 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు తగ్గుతుంది కనుక గుణకం 0.89. వేడి ప్రదేశాలలో ఎక్స్.ఎల్.పి.ఇ. కేబుళ్లు మేలు కావడానికి కారణం ఇదే.

ఒక ఉదాహరణ

40 డిగ్రీల గాలిలో ఒంటరిగా 300 ఆంపియర్లు మోయగల పి.వి.సి. కేబుళ్లు 9 ఉన్నాయనుకుందాం. వాటిని 50 డిగ్రీల పరిసరాలలో ట్రే మీద వేయాలి. గుంపు గుణకాన్ని, ఉష్ణోగ్రత గుణకాన్ని రెండింటినీ గుణించాలి.

- రంధ్రాల ట్రేలో ఒకే వరుస: 300 × 0.72 × 0.82 = సుమారు 177 ఆంపియర్లు.
- కట్టగా కట్టి వేస్తే: 300 × 0.50 × 0.82 = సుమారు 123 ఆంపియర్లు.

పట్టికలో 300 అని ఉన్న అదే కేబుల్ ఒక చోట 177, మరొక చోట 123 ఆంపియర్ల కేబుల్ అయింది. లోహం మారలేదు, లావు మారలేదు, ధర కూడా మారలేదు. మారినది అది పడుకున్న తీరు మాత్రమే.

బ్రేకర్ కాపాడలేని సందర్భం

కేబుల్ వేడెక్కితే బ్రేకర్ పడిపోతుంది కదా అనే ప్రశ్న సహజం. బ్రేకర్‌కు తెలిసినది దాని గుండా పోయే కరెంటు మాత్రమే. ఆ కేబుల్ ట్రేలో ఎవరి పక్కన పడుకుందో, పైన ఎన్ని వరుసలు ఉన్నాయో దానికి తెలియదు. అందుకే మూడు విలువల మధ్య ఒక వరుస క్రమం పాటించాలని ప్రమాణాలు చెబుతాయి. లోడు కరెంటు కన్నా బ్రేకర్ రేటింగు తక్కువ కాకూడదు. బ్రేకర్ రేటింగు కన్నా కేబుల్ సామర్థ్యం తక్కువ కాకూడదు. ఇక్కడ కేబుల్ సామర్థ్యం అంటే పట్టికలోని సంఖ్య కాదు, అన్ని తగ్గింపు గుణకాలతో గుణించిన తరువాత మిగిలిన సంఖ్య.

పై ఉదాహరణలోని 9 కేబుళ్ల కట్టనే 40 డిగ్రీల గదిలో ఊహించుకుందాం. ఒక్కొక్కదాని అసలు సామర్థ్యం 150 ఆంపియర్లు. పట్టికలోని 300ను చూసి ప్రతి కేబుల్‌కు 250 ఆంపియర్ల బ్రేకర్ పెట్టారు. కాలక్రమంలో ప్రతి కేబుల్ మీద లోడు 200 ఆంపియర్లకు చేరింది. వేడి 150 ఆంపియర్లప్పటి కంటే సుమారు 1.8 రెట్లు అవుతుంది. 30 డిగ్రీలు ఉండవలసిన పెరుగుదల 53 డిగ్రీల దగ్గరికి చేరి, తీగ ఉష్ణోగ్రత సుమారు 93 డిగ్రీలు అవుతుంది. ఇది 70 డిగ్రీల కేబుల్. ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సగం అనే మోటు లెక్కన దాని ఆయుర్దాయం దాదాపు ఐదో వంతుకు పడిపోయింది. ఇన్ని జరుగుతున్నా 9 బ్రేకర్లలో ఒక్కటీ కదలదు, ఎందుకంటే ఏ ఒక్కటీ తన హద్దును దాటలేదు.

ట్రేలలో పొంచి ఉన్న అపాయం ఇదే. మొదట కట్టినప్పుడు ట్రేలో 4 కేబుళ్లే ఉంటాయి, లెక్క సరిగానే ఉంటుంది. తరువాత సంవత్సరాలలో కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ ఖాళీగా కనిపించిన ట్రేలో మరొక కేబుల్ చేరుతుంది. కొత్త కేబుల్‌కు లెక్క కడతారు గాని, దాని రాకవల్ల పాత కేబుళ్ల సామర్థ్యం తగ్గిందని ఎవరూ తిరిగి లెక్కించరు.

ప్రమాణాల చరిత్ర

కేబుళ్ల ఉష్ణోగ్రతను, సామర్థ్యాన్ని లెక్కించే పద్ధతిని జె.హెచ్. నెహర్, ఎం.హెచ్. మెక్‌గ్రాత్ అనే ఇద్దరు అమెరికా ఇంజనీర్లు 1957లో ఒక పత్రంలో సమగ్రంగా ప్రకటించారు. నేటికీ ఆ పద్ధతిని వారి పేర్లతోనే పిలుస్తారు. ఐ.ఇ.సి. ఇదే విషయంపై తన ప్రమాణాన్ని 1969లో తొలిసారి వెలువరించింది. అది నేడు ఐ.ఇ.సి. 60287గా వ్యవహారంలో ఉంది.

అడ్డదిడ్డంగా కేబుళ్లు నిండిన ట్రేలకు ఈ పద్ధతులు నేరుగా సరిపోవు. ఏ కేబుల్ ఏ కేబుల్‌ను ఆనుకొని ఉందో ఎవరూ చెప్పలేరు కనుక విడివిడిగా లెక్కించడం అసాధ్యం. 1968 మార్చి నెలలో అమెరికాలోని శాన్ ఒనొఫ్రే అణు విద్యుత్ కేంద్రంలో ట్రేలలోని కేబుళ్లు బయటి నిప్పు ఏదీ లేకుండానే అంటుకున్నాయి. 1971లో జె. స్టోల్పీ అనే అమెరికా ఇంజనీరు నిండిన ట్రేల సమస్యకు సులభమైన మార్గం చూపించాడు. ట్రేలోని కేబుళ్లన్నింటినీ కలిపి, అంతటా సమానంగా వేడి పుట్టే ఒకే దిమ్మెగా భావించాలని ఆయన ప్రతిపాదన. దిమ్మె ఎంత మందంగా ఉంటే దాని నడిమి భాగం అంత వేడెక్కుతుంది. మందం తెలిస్తే ప్రమాణ వైశాల్యానికి ఎంత వేడిని అనుమతించవచ్చో తెలుస్తుంది. ప్రతి కేబుల్ తన అడ్డుకోత వైశాల్యానికి తగినంత వేడిని మాత్రమే పుట్టించాలి. అమెరికాలో ట్రేల కోసం వెలువడిన ఐ.సి.ఇ.ఎ. పి-54-440 ప్రమాణంలోని పట్టికలకు ఈ పద్ధతే పునాది.

ఈ పద్ధతికి పరిమితి కూడా ఉంది. నిజమైన ట్రేలలో అన్ని కేబుళ్లూ ఒకేసారి పూర్తి లోడుతో ఉండవు కనుక ఫలితాలు చాలాసార్లు అవసరానికి మించి జాగ్రత్తగా ఉంటాయి. అలాగని కొన్ని కేబుళ్లు ఖాళీగా ఉన్నాయి కదా అని మిగిలిన వాటికి ఎక్కువ లోడు ఇవ్వకూడదు. ఎక్కువ లోడు గల కేబుళ్లు ఒకే చోట చేరితే, సగటు వేడి తక్కువగా ఉన్నా అక్కడ మాత్రం మిక్కిలి వేడి పుడుతుంది. లోడు వైవిధ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతులు 1990ల నుండి వెలువడ్డాయి.

అగ్ని నిరోధక తొడుగులు - ఒక వైరుధ్యం

1975 మార్చి 22న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రంలో ఘోరమైన అగ్ని ప్రమాదం జరిగింది. గోడలో కేబుళ్లు దూరిన చోట గాలి కారుతోందేమో చూడడానికి పనివారు కొవ్వొత్తి వెలుగును వాడారు. ఆ మంట అక్కడి నురుగు ప్లాస్టిక్‌కు అంటుకొని ట్రేల వెంబడి పాకింది. మంటలు సుమారు 7 గంటలు సాగాయి. 1600కు పైగా కేబుళ్లు దెబ్బతిన్నాయి. ఇది కేబుళ్లు తమంతట తాము వేడెక్కి జరిగిన ప్రమాదం కాదు. అయినా ట్రేల చరిత్రలో ఇది ఒక మలుపు. ఆ తరువాత ముఖ్యమైన కేబుళ్లను మంటల నుండి కాపాడే తొడుగులు, పూతలు, గోడల దగ్గర అగ్ని అడ్డుకట్టలు విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి.

ఇక్కడే వైరుధ్యం ఉంది. బయటి వేడిని లోపలికి రానివ్వని తొడుగు, లోపలి వేడిని బయటికి పోనివ్వదు. కనుక అగ్ని నుండి కాపాడడానికి చుట్టిన పదార్థమే, ఆ సంగతి లెక్కలోకి తీసుకోకపోతే, కేబుల్ లోలోపల ఉడికిపోవడానికి కారణం కావచ్చు. ఇటువంటి తొడుగుల వల్ల సామర్థ్యం ఎంత తగ్గుతుందో పరీక్షించే విధానాన్ని నిర్దేశిస్తూ 1996లో ఐ.ఇ.ఇ.ఇ. 848 ప్రమాణం వెలువడింది. పాత ట్రేకు కొత్తగా తొడుగు వేసేటప్పుడు అందులోని ప్రతి కేబుల్ లోడును మరల లెక్క చూసుకోవాలి.

పాటించవలసిన జాగ్రత్తలు

- పవర్ కేబుళ్లను వీలైనంత వరకు ఒకే వరుసలో పరచాలి. రెండవ వరుస కావలసి వస్తే రెండవ ట్రే వేయడం మేలు. పట్టికలలోని వరుస గుణకాలు ఒకే వరుసకు మాత్రమే వర్తిస్తాయి.
- ఒకదానిపై ఒకటి ట్రేలు ఉన్నప్పుడు వాటి మధ్య కనీసం 300 మిల్లీమీటర్లు, గోడకూ ట్రేకూ మధ్య కనీసం 20 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. ఐ.ఇ.సి. పట్టికలు ఈ ఖాళీలు ఉన్నాయన్న భావనతోనే తయారయ్యాయి.
- ఏకాంతర విద్యుత్తు మోసే ఒంటి తీగ కేబుళ్లకు ఉక్కు కవచం వాడరాదు. కవచంలో కరెంటు ప్రేరితమై అదనపు వేడి పుడుతుంది. అల్యూమినియం కవచం వాడి, మూడు ఫేజుల కేబుళ్లను త్రిభుజాకారంలో దగ్గరగా ఉంచాలి.
- కంప్యూటర్లు, ఎల్.ఇ.డి. దీపాల వంటి లోడులలో మూడవ హార్మోనిక్ కరెంట్లు న్యూట్రల్ తీగలో కూడుకుంటాయి. అక్కడ న్యూట్రల్‌ను కూడా వేడి పుట్టించే తీగగా లెక్కించాలి.
- ట్రేలలో పేరుకున్న దుమ్ము, బొగ్గుపొడి వేడిని ఆపే దుప్పటి మాత్రమే కాదు, మండే పదార్థం కూడా. క్రమం తప్పకుండా తీసివేయాలి.
- పరారుణ కెమెరాతో ట్రేలను పరిశీలించడం మంచి అలవాటు. అయితే ఆ కెమెరా పైన కనిపించే కేబుళ్లను మాత్రమే చూస్తుంది. అత్యధికమైన వేడి రాశి నడుమ ఉంటుంది.
- లావైన కేబుల్ పూర్తిగా వేడెక్కడానికి గంటలు పడుతుంది. లోడు ఇచ్చిన కొద్ది నిమిషాలకు కొలిచిన ఉష్ణోగ్రతను చివరి ఉష్ణోగ్రతగా భావించరాదు.
- ప్రతి ట్రేకు అందులోని కేబుళ్ల జాబితా, వాటి లోడు, తగ్గింపు గుణకం ఉన్న పట్టికను నిర్వహించాలి. కొత్త కేబుల్ చేరినప్పుడల్లా పాత కేబుళ్ల లెక్కను కూడా సరిచూడాలి.

పి.వి.సి. కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. అది ఊపిరితిత్తులకు హానికరం, తేమతో కలిస్తే ఆమ్లమై పరికరాలను తినివేస్తుంది. ట్రేలో అంటుకున్న మంట ట్రే వెంబడే గది నుండి గదికి పాకుతుంది. ఆసుపత్రి, సినిమాహాలు వంటి చోట్ల ఈ పొగ మంట కంటే ముందే ప్రాణాలు తీయగలదు. ఇన్ని కేబుళ్ల మధ్య ఈ కేబుల్ ఎంత మోయగలదు అని ప్రతి కొత్త కేబుల్‌కూ వేసుకునే ప్రశ్న కాగితం మీద చిన్న గుణకారమే, కాని ఆ గుణకారం మీద ఆ భవనంలోని వారి క్షేమం ఆధారపడి ఉంటుంది.